వేరుతో సహా

ఆమె చనిపోయిన విషయం నాకు తొమ్మిది రోజుల తర్వాత చెప్పారు. "తొందరల యాదికి రాలే సారూ, ఏమనుకోకు" అన్నది ఆమె కూతురు ఫోన్‌లో. చర్చి వాళ్లే దగ్గరుండి మట్టి చేశారట. నన్ను మరచిపోయిన వాళ్ల పట్టిక ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. అందులో దంతాలపల్లిలోని ఆ ఇల్లు కూడా చేరుతుందని ఎప్పుడూ అనుకోలేదు. అయినా చేర్చాను.

అదే వారం మహబూబాబాద్ నుంచి ఇంకో ఫోన్ వచ్చింది. నేను ఇరవై రెండేళ్లు ప్రయోగశాల సహాయకుడిగా పనిచేసిన కాలేజీ నుంచి. వృక్షశాస్త్ర విభాగానికి ఇప్పుడు ఒక మేడం పెద్ద. ఎండు మొక్కల గదికి కాలం చేసిన మా బాటనీ సారు పేరు పెడుతున్నారనీ, అట్టలన్నిటికీ ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఎక్కిస్తున్నారనీ, ప్రారంభానికి నేను తప్పక రావాలనీ చెప్పింది. "మీ దస్తూరీ ప్రపంచమంతా చూస్తది సార్" అని కూడా అన్నది, నన్ను సంతోషపెట్టడానికి.

నాకు చెమట పట్టింది.

ఆ గది సంగతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మొక్కను పాత పేపర్ల మడతల్లో పరిచి, చెక్క చట్రాల మధ్య బిగించి, ఎండిన తర్వాత దళసరి తెల్ల అట్ట మీద దారంతో కుట్టేవాళ్లం. కుడివైపు కింది మూలన ఒక చీటీ అంటించేవాళ్లం. మొక్క శాస్త్రీయ నామం, ఊళ్లో పిలిచే పేరు, దొరికిన చోటు, తేదీ, అన్నిటికన్నా అడుగున 'సేకరించినవారు'. చీటీలన్నీ నేనే రాశాను. దాదాపు మూడు వందల చీటీల మీద సేకరించినవారు అన్న చోట బాటనీ సారు పేరు ఉంది. ఆ మొక్కల్లో చాలావాటిని ఆయన అట్ట మీదకు ఎక్కిన తర్వాతే మొదటిసారి చూశాడు.

తెచ్చింది దంతాలపల్లి ఆమె. మా విభాగంలో అటెండర్.

పొట్టి మనిషి. చూపుడువేలి గోరు నిలువునా చీలి ఉండేది. ఎన్ని సబ్బులు పెట్టినా వేళ్ల సందుల్లోని పచ్చమరక పోయేది కాదు. ఉద్యోగంలోకి రాకముందు ఊళ్లో కలుపు కూలికి పోయేది. ఏడెనిమిదేళ్ల వయసులో పట్టిన పని అది. స్టూలు వేస్తే కూర్చునేది కాదు, నేల మీద గొంతుక్కూర్చునేది. ప్రిన్సిపాల్‌తో సహా అందరినీ 'నువ్వు' అనేది. ఆమె నోట అది అగౌరవంగా వినిపించేది కాదు. బాటనీ సారుకు మాత్రం వినిపించేది.

ఆమె కుడిచెయ్యి ఒకచోట ఉండేది కాదు. మాట్లాడుతూ వరండాలో నడుస్తుంటే ఆ చెయ్యి తన పాటికి తాను గోడ పగుల్లో మొలిచినదాన్ని లాగి, మట్టి దులిపి, ఆమె ముఖం ముందుకు తెచ్చేది. ఆమె వేరు చూసి కొంగులో వేసుకునేది. మాట మాత్రం ఆగేది కాదు.

"అక్కా, ఇది కాలేజీ. పొలం కాదు" అన్నాను ఒకసారి.

"నాకు తెల్సు సారూ. చేతికి తెల్వది."

ఆమె వచ్చిన మొదటి నెలలోనే ఒక గొడవ జరిగింది. ప్రాక్టికల్స్ కోసం విభాగం ముందు సిమెంటు తొట్టిలో సారు వరి పెంచేవాడు. ఒకరోజు పొద్దున వచ్చేసరికి తొట్టిలో సగం ఖాళీ. పీకిన మొక్కలు కట్టగట్టి అంచు మీద ఉన్నాయి.

"వరి పీకేశావా? ఎవరు చెప్పారు నీకు?" సారు అరుపుకు పిల్లలంతా తరగతి వదిలి బయటికి వచ్చారు.

"వరి గీడనే ఉన్నది గద సారూ. నేను గుంజింది ఊదగడ్డి."

"నాకు చెప్తున్నావా?"

"జర గిటు సూడు." కట్టలోంచి ఒక మొక్కను, తొట్టిలోంచి ఒక మొక్కను తీసి పక్కపక్కన పెట్టింది. ఆకు కాడను వదిలిపెట్టే చోట వరికి తెల్లటి సన్న పొర ఉంది. రెండోదానికి లేదు, నున్నగా ఉంది. "వరికి గీ పొర ఉంటది. ఊదకుండది. పైకెల్లి సూస్తే ఒక్క తల్లి పిల్లల లెక్కనే ఉంటయి. ఊద తెలివిగల్లది సారూ, కంకి పెట్టిందాక సప్పుడు చెయ్యది."

పిల్లలు నవ్వారు. సారు ముఖం చూసి నేను నవ్వు ఆపుకున్నాను. లింగాల ఘనపూర్ రైతు బిడ్డనై ఉండీ నాకు కూడా ఆ పొర సంగతి తెలియదు. మా ఇంట్లో కలుపు తీసింది ఆడవాళ్లు. మధ్యాహ్నం బీరువా తీసి చూస్తే, మూడేళ్లుగా పిల్లలకు వరి అని చూపిస్తున్న అట్ట మీద ఉన్నది కూడా ఊదే. అట్ట మార్చాం. ఎందుకు మార్చామో ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత నుంచి సోమవారం అంటే ఆమె సంచి వచ్చే రోజు. ఆదివారం గుడి నుంచి వస్తూ ఒడ్ల మీద, కాలువ గట్ల మీద, రైలుపట్టాల పక్కన పీకిన మొక్కలన్నీ తడి గోనెసంచిలో తెచ్చేది. తాను చర్చిని గుడి అనే అనేది. నేల మీద పేపర్లు పరిచి, సంచి కుమ్మరించి, నాలుగు కుప్పలు పోసేది.

ఒక్క గుంజుకు వచ్చేవి. నడుమకు తెగేవి. పగబట్టేవి. చుట్టాలు.

మొదటి రెండూ సులువే. పగబట్టేవి అంటే తుంగ లాంటివి. పైన పీకేసి వెళ్లిపోతే కింద గడ్డ మిగిలి, పది రోజుల్లో మళ్లీ అక్కడే లేస్తాయి. చుట్టాలు అంటే వయ్యారిభామ లాంటివి. "మా అవ్వ చిన్నగున్నప్పుడు లేకుండె ఇయ్యి. చుట్టమోలె వచ్చినయి, ఇల్లు పట్టుకున్నయి" అనేది. కొత్త మొక్క దొరికితే ముందు వేరు, తర్వాత కాడ. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించేది. "గుండ్రగ తిరిగితె గడ్డి. మూడు పలకలు తగిలితె తుంగ జాతి. ఆకు అబద్ధమాడుతది సారూ. వేరు ఆడది." సారు పుస్తకం తీసి చూసేవాడు. పుస్తకం ఆమె మాటే చెప్పేది.

"ఇది శాస్త్రం కాదు, కూలి" అన్నాడు సారు ఒకసారి ఆ కుప్పలు చూసి. అన్న తర్వాత ఆ కుప్పల్లోంచే అట్టలకు మొక్కలు ఏరుకున్నాడు.

పిల్లలు కూడా మొక్కలు తెచ్చేవాళ్లు. కొసలు తుంచుకుని, పువ్వు ఒక్కటి పట్టుకుని. ఆమె గుమ్మంలోనే ఆపేది. "తల తెచ్చినవు. మొండెం ఏది బిడ్డా? ఎవల తలకాయనో ఏం తెలుస్తది?"

సారు పాఠం చెప్తుంటే ఆమె వెనక సింకు దగ్గర గాజు పలకలు కడుగుతూ వినేది. స్వీడన్ దేశంలో పాతకాలంలో ఒక పెద్దాయన ఉండేవాడనీ, పువ్వు లోపలి కేసరాలు లెక్కపెట్టి లోకంలోని మొక్కలన్నిటినీ తరగతులుగా విడదీశాడనీ, ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెట్టాడనీ, మొదటి మాట జాతిదనీ రెండోది దాని సొంతమనీ సారు చెప్తున్నాడు.

"కేసరాలంటె పోగులే గద సారూ?" వెనక నుంచి గొంతు.

"ఆ. అయితే?"

"మరి పువ్వు రాకముంగట ఆయినె ఎట్ల గుర్తువట్టె? పువ్వు వచ్చిందాక ఆగితె మడంత కలుపే అయితది."

తరగతి గొల్లుమన్నది. "ఆయన కలుపు తీయలేదమ్మా. పేర్లు పెట్టాడు" అన్నాడు సారు.

"గందుకే" అన్నది ఆమె, మళ్లీ కుళాయి తిప్పుతూ.

కానీ ఆ రెండు మాటల పేరు ఆమెకు నచ్చింది. సాయంత్రం నాతో అన్నది: "ఇంటిపేరు ముంగట, పేరు ఎనుక. మన లెక్కనే పెట్టిండు. మంచిగ చేసిండు." మళ్లీ తానే, "గడ్డి నయ్యం సారూ. దాని ఇంటిపేరు మారది. నాది పెండ్లితోని మారె. కలుపు నేర్సుకున్నది ఒక ఇంటిపేరు మీద, జీతం తీసుకునేది ఇంకో ఇంటిపేరు మీద." శాస్త్రజ్ఞులు గడ్డి ఇంటిపేర్లు కూడా మారుస్తుంటారని చెప్తే నమ్మలేదు. "అయితె ఆళ్లకు పనిలేదు" అన్నది.

ఇక భూపాలపల్లి సంగతి.

వానాకాలం. పిల్లలను తీసుకుని భూపాలపల్లి దాటి అడవిలోకి వెళ్లాం. సారు అక్కడ ఒక చిన్న మొక్క కోసం నాలుగు వానాకాలాలుగా వెతుకుతున్నాడు. ఆర్కిడ్ జాతిది, చెట్ల మీద కాకుండా నేల మీద మొలిచేది. ఎవరో పెద్దలు ఎప్పుడో ఆ దిక్కున చూశామని రాశారట. మళ్లీ ఎవరికీ దొరకలేదు. సారు, పిల్లలు ముందు పోతున్నారు. వెనక నేనూ ఆమే. నా భుజాన చట్రాలు, ఆమె చేతిలో నీళ్ల డబ్బా. కూతురి పదో తరగతి గురించి ఏదో చెప్తున్నది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

"సారూ."

అరచెయ్యి నా ముందు పెట్టింది. జానెడు మొక్క. రెక్కలు చాపినట్టున్న తెల్లపూలు నాలుగు. అడుగున, మట్టితో, రెండు చిన్న గడ్డలు: ఒకటి ముడతలు పడి మెత్తబడింది, ఒకటి తెల్లగా గట్టిగా ఉంది.

"చెయ్యి ముంగట పోయింది. కన్ను ఎనుక వచ్చింది."

సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చూసి మొదట పసిపిల్లవాడిలా నవ్వాడు. తర్వాత, "ఇంకోటి ఉందా?" అన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అందరం మోకాళ్ల మీద వెతికాం. లేదు. అప్పుడు సారు ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. "పశువు మేసినా వేరు మిగిలేది కదయ్యా! ఈమెను ఎందుకు తీసుకొచ్చావు?"

పిల్లల ముందు నన్ను అలా అన్నాడన్న కోపం నాకు ఏళ్ల తరబడి ఉంది. తేదీతో సహా గుర్తుంది. ఆ మాట నిజానికి తగిలింది ఎవరికన్నది అప్పుడు ఆలోచించలేదు.

ఆమె నీళ్ల డబ్బా కింద పెట్టింది. మొక్కను తడిగుడ్డలో చుట్టి తన దగ్గరే పెట్టుకుంది. బస్సు దాకా వచ్చాక నీళ్ల డబ్బా మరచిపోయానని వెనక్కి పోయింది. చాలాసేపటికి వచ్చింది. ఆ ఆలస్యానికీ సారు తిట్టాడు.

రెండు వారాల తర్వాత ఆ మొక్కను అట్ట మీద కుట్టాను. గడ్డ ఒక్కటే ఉంది. రెండోది దారిలో ఎక్కడో రాలిపోయిందనుకున్నాను. చీటీ రాయబోతుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఎప్పుడూ అలా నిలబడే మనిషి కాదు.

"గిది నా పేరు మీద రాయి సారూ."

"ఎందుకక్కా, ఇన్నాళ్లు లేనిది?"

"మంచిగ తెచ్చినయి ఎవలి పేరు మీదనన్న రాసుకోండ్రి. నాకేంది. దీన్ని సంపింది నేను. తప్పు జేసినోల్ల పేరు ఉండాలె గద."

నేను నవ్వాను. సారు చిత్తుకాగితం మీద రాసిచ్చిన పేరు నా ముందు ఉంది. దాన్నే రాశాను, అందరూ మెచ్చుకునే నా గుండ్రటి దస్తూరీలో. ఆమెకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. చూపుడువేలు పెట్టి ఆ గీతను చదివింది. చీలిన గోరు చివరి అక్షరం దగ్గర కాసేపు ఆగింది. తర్వాత సింకు దగ్గరికి పోయింది.

సారు ఒక సభలో ఆ మొక్క గురించి వ్యాసం చదివాడు. భూపాలపల్లి మొక్కకు గడ్డ ఒక్కటే ఉండటం విశేషమన్నాడు. శాలువా కప్పారు.

ఆమెను చివరిసారి చూసింది నిరుడు, దంతాలపల్లిలో. నా దుఃఖం ఒకటి చెప్పుకోవడానికే వెళ్లాను, దాచడమెందుకు. నా పదవీ విరమణ సభలో కప్పిన శాలువా కొత్తది కాదు. మడత విప్పితే పసుపు మరక. ఎవరికో కప్పినదాన్నే నాకు కప్పారు. దాని మీద నేను పెట్టిన అర్జీలకు ఇప్పటికీ జవాబు లేదు. ఆమె మంచంలో కూర్చుని అంతా విన్నది. కాళ్లు వాచి ఉన్నాయి. చెయ్యి మాత్రం మంచం నులక సందుల్లో ఏదో ఏరుతూనే ఉంది.

"నీకు జరిగినయన్ని నువ్వు యాదికి పెట్టుకుంటవు సారూ" అన్నది నవ్వుతూ. "నువ్వు చేసినయి ఎవలు పెట్టుకోవాలె?"

నాకు అర్థమైంది. కానట్టు కూర్చున్నాను. ఆమె రెట్టించలేదు. కాసేపటికి తానే అన్నది: "నీళ్ల డబ్బా మర్చిపోయేదాన్నా నేను? ముడతలు వడ్డది పోయిన యేటిది, తెల్లగున్నది వచ్చే యేటిది. వచ్చే యేటిదాన్ని గూడ గుంజినా అని పానం తన్లాడింది. తుంపి, అదే బొందల మళ్ల పెట్టొచ్చిన."

"మొలిచిందా?"

"తెల్వది."

"మళ్లెప్పుడన్నా పోయి చూడకపోయినవా?"

"పోయి సూస్తే తొక్కినట్టయితది."

అంతే. టీ ఇచ్చింది. వస్తుంటే గుమ్మం పక్కన మొలిచినదాన్ని నేనే పీకి ఆమెకు చూపించాను. వేరు సగంలో తెగింది. "నీతోని కాదు" అన్నది.

అందుకే మేడం ఫోన్‌కు చెమట పట్టింది. అట్టలు బీరువాలో ఉన్నంతకాలం ఆ చీటీలు నాకూ కలరా ఉండలకూ తప్ప ఎవరికీ తెలియవు. ఫొటోలు ఎక్కిన తర్వాత ఆ గీత మీద ఉన్నదే లోకానికి నిజం. తెల్లారే నేనుండే జనగామలో రైలెక్కాను.

మేడం మంచిదే. కుర్చీ వేసింది. "పాత చీటీలు మార్చద్దు సార్. మీకు తెల్వందా? మార్చితె రికార్డు పాడైతది. మళ్ల, సారు వాళ్లింట్ల అందరు వస్తున్నరు ప్రారంభానికి. ఇప్పుడు ఇది లేవట్టుడు బాగుంటదా?"

"మార్చను. పక్కన అంటిస్తాను."

మా విద్యలో ఒక పద్ధతి ఉంది. పాత చీటీ తప్పని తెలిస్తే దాన్ని చింపకూడదు, కొట్టివేయకూడదు. తెలిసినవాడు పక్కన ఒక చిన్న సవరణ చీటీ అంటించి, సంతకం చేసి, తేదీ వేయాలి. తప్పూ దిద్దుబాటూ ఒకే అట్ట మీద ఉంటాయి. చూసేవాడు తేల్చుకుంటాడు.

"అది మొక్క పేరు తప్పయితె సార్. మనిషి పేరుకు కాదు."

"మనిషి పేరుకు వద్దని ఎక్కడన్నా రాసి ఉన్నదా? చూపించండి."

"సరే. మూడు వందల అట్టల్ల ఏది ఆమె తెచ్చిందో, ఏది పిల్లలు తెచ్చిండ్రో ఇప్పుడెట్ల తెలుస్తది? సాక్ష్యం ఏంది?"

నేను బీరువా తెరిచాను. అట్టలు దించి, నేల మీద గొంతుక్కూర్చుని, రెండు కుప్పలు పోయడం మొదలుపెట్టాను. వేరు ఉన్నవి ఒకవైపు. తలలు మాత్రమే ఉన్నవి ఒకవైపు. మోకాళ్లు పట్టేశాయి. లేవలేదు. మధ్యాహ్నానికి మేడం కూడా చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది. వేరు ఉన్న కుప్ప ఆమె నడుము దాకా వచ్చింది. పిల్లలవి జానెడు.

"ఈ గదిలో వేరుతో సహా ఉన్నదల్లా ఆమెదే మేడం. ఇంకో సాక్ష్యం కావాలంటే నేనున్నాను. అబద్ధం రాసిన చెయ్యి ఇది."

మేడం పక్కకు జారిన అట్టలను సర్దింది. "పాపం సారు మంచోడేనట గద" అన్నది చివరికి.

"మంచోడే. స్వీడన్ పెద్దాయన కూడా శిష్యులను దేశదేశాలకు పంపి మొక్కలు తెప్పించుకున్నాడు. అయితే వాళ్ల పేర్లు మొక్కలకే పెట్టాడు. మేము అడుగున ఉన్న గీత మీద కూడా పెట్టలేదు."

అది మొదలు రోజూ పొద్దున రైలు, సాయంత్రం రైలు. ఒక్కొక్క అట్టకు ఒక్కొక్క చీటీ. ప్రారంభానికి ముందురోజు ప్రిన్సిపాల్ కబురు పంపాడు: ఇక చాలు, మిగతావి తర్వాత చూద్దామని. తర్వాత అన్న మాట మీద ఈ ఉద్యోగంలో నేను ఇరవై రెండేళ్లు బతికాను. పని ఆపలేదు. సభ జరుగుతుంటే కూడా లోపల చీటీలు అంటిస్తూనే ఉన్నాను. నాకు శాలువా కప్పుతామని ఎవరో పిలవడానికి వచ్చారు. మడత విప్పి చూసుకోండని చెప్పి పంపాను.

ఆర్కిడ్ అట్టను ఆఖరికి పెట్టుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే కాడ అడుగున, గడ్డ పక్కన, చిన్న మచ్చ ఉంది. గోటితో తుంపిన గుర్తు. చీటీ మీద ఇలా రాశాను: 'సేకరించినది' అని ఆమె పేరు; 'పొరపాటున పీకినది కూడా ఈమే, తన పేరు రాయమని అడిగినది. గడ్డలు రెండు. కొత్త గడ్డను అదే చోట తిరిగి నాటినది. ఒకే గడ్డ అన్న మాట తప్పు. పక్కనున్న పాత చీటీ రాసినది నేను, తెలిసి రాసినది.' కింద సంతకం, తేదీ.

ఈ చీటీలు ఉంచుతారా, తీసేస్తారా అని మేడం భయపడుతున్నది. ఆ గదిలో జిగురు కాచింది ఇరవై రెండేళ్లు నేనే. పురుగు పట్టకుండా, పట్టు వదలకుండా మైదాలో మైలుతుత్తం ఎంత వేయాలో నాకు తెలుసు. చీటీ పీకాలంటే అట్ట చిరగాలి, మొక్క పోవాలి, సారు పేరున్న పాత చీటీ కూడా పోవాలి. చేతనైతే పీకమనండి.

ఇంత రాసి ఆమె పేరు రాయలేదేమని చదివినవాళ్లు అడుగుతారు. పత్రికలో తన పేరు రాయమని ఆమె నన్ను అడగలేదు. అట్ట మీద రాయమన్నది. అక్కడ ఉంది, పోయి చూడండి. కూతురిని అడిగి తెలుసుకుని, కలుపు నేర్చుకున్న ఇంటి పేరే రాశాను. ఇంటిపేరు ముందు, పేరు వెనక.